నల్లమల గుట్టల వరసలు వాటర్‌కలర్‌ల ఒకే దూరంల కనపడుతున్నయ్, లోతు ఎట్ల తేవాలె?

పాలమూరు కుంచె (ప్రశ్న)

అందరికీ నమస్తే. సోమశిల ఒడ్డు మీది నుంచి డిసెంబర్‌ల తీసిన ఫొటో పెట్టుకొని నల్లమల వేస్తున్న. ముందు కృష్ణ నీళ్లు, అవతలి ఒడ్డు, దాని వెనక నాలుగు వరసల గుట్టలు, ఆపైన ఆకాశం. ఫొటోల ఆఖరి వరస ఉన్నదా లేదా అన్నట్టుంటది. కాగితం మీద మాత్రం నాలుగూ పక్కపక్కనే నిలబడ్డట్టున్నయ్. వెనక వరసకు నీళ్లు ఎక్కువ కలిపి లేతగనే వేస్తున్న, నీలమే వాడుతున్న. అయినా మధ్యల గాలి ఉన్నట్టు అనిపిస్తలేదు.

ఇంకో రెండు ఇబ్బందులు. గుట్ట కింది భాగం మంచుల కలిసిపోవాలని నీళ్లతోని లాగితే, అక్కడ గట్టి గీత పడి ఎండుతున్నది, లేకుంటే గోబీ పువ్వు లెక్క మరక తేలుతున్నది. రెండో వరస వేస్తుంటే కింద ఉన్న మొదటి వరస రంగు లేచి కలుస్తున్నది.

సామాను: ఏ4 సైజు 200 జీఎస్ఎం (చదరపు మీటరుకు 200 గ్రాముల బరువు) ప్యాడ్ (కాటన్ కాదు), స్టూడెంట్ ట్యూబులల్ల అల్ట్రామెరీన్, ప్రష్యన్ బ్లూ, బర్న్ట్ సియెన్నా (ఎర్ర గోధుమ), యెల్లో ఆకర్ (మట్టి పసుపు), క్రిమ్సన్ (ఎరుపు), సాప్ గ్రీన్. కుంచెలు 12 రౌండ్, 6 రౌండ్, అంగుళం ఫ్లాట్. నీళ్లు ఇంటి బోరువి. ఏది మార్చాలె, ఏ వరసల చేయాలె చెప్పండి.

నీలగిరి రంగులు (జవాబు)

లేతగనే వేస్తున్న అన్నరు గాని, ఎంత లేత అన్నదాని మీదనే అంతా ఉంటది. ఫొటోను ఫోన్‌ల బ్లాక్ అండ్ వైట్ చేసి, కండ్లు సగం మూసి చూడండి. తెల్ల కాగితం 1, మీ రంగులతోని వచ్చే అన్నిటికన్న ముదురు 10 అనుకుంటే, ఆకాశం 1–2, ఆఖరి గుట్ట 2–3, దాని ముందటిది 4, మూడోది 5–6, దగ్గరిది 8 దాకా రావాలె. ఎక్కువ పటాలల్ల ఆఖరి గుట్టే 4 మీద మొదలైతది. ఇగ మిగిలిన మూడు వరసలు 5కు 7కు మధ్య ఇరుక్కుంటయ్, అన్నీ ఒక్కతీరుగ కనపడతయ్. దీనికి మందు ఒకటే: అదే కాగితం ముక్క మీద ముందుగాల దగ్గరి గుట్ట ముదురును కలిపి ఒక గీత వేసి ఆరబెట్టండి. ముక్క రెండో కొనల ఆఖరి గుట్ట లేత గీత వేయండి. నడుమ రెండింటిని ఆ కొనల మధ్య సర్దండి. వాటర్‌కలర్ తడి మీద చూసినదానికన్న ఎండినంక లేత పడుతది కాబట్టి, తడి గీతను చూసి నిర్ణయం చేయొద్దు.

కలిపే పద్ధతి. నాలుగు గుట్టలకు నాలుగు వేరే వేరే రంగులు కలుపొద్దు. ఒక పెద్ద గిన్నెల తల్లి రంగు ఒకటి చేసుకోండి: అల్ట్రామెరీన్ మూడు పాళ్లు, బర్న్ట్ సియెన్నా ఒక పాలు. ఏ4కు ఆఖరి గుట్ట కోసం రెండు టీ స్పూన్ల నీళ్లల్ల (10 మిల్లీలీటర్లు) ఈ మిశ్రమం బియ్యపు గింజంత చాలు. ఒక్క చుక్క క్రిమ్సన్ కలిపితే పొద్దుటి ఊదా ఛాయ వస్తది, ఎక్కువైతే మిఠాయి రంగు అయితది. రెండో గుట్టకు ఆ మిగిలిన నీళ్లల్లనే ఇంకింత రంగు వేయండి. మూడోదానికి రంగుతోని పాటు బర్న్ట్ సియెన్నా పాలు పెంచండి. దగ్గరిదానికి సాప్ గ్రీన్, బర్న్ట్ సియెన్నా, కొంచెం అల్ట్రామెరీన్, నీళ్లు చాలా తక్కువ. ప్రతి గుట్టల అంతకు ముందు వేసిన గుట్ట రంగు కొంత ఉంటది గనుక అన్నీ ఒకే గాలిల ఉన్నట్టు కుదురుకుంటయ్.

ఇగ గుట్ట కింది భాగం. పటం పెట్టిన పలక పై అంచు కింద రెండు అంగుళాల మందం పుస్తకం పెట్టి వాల్చండి. 12 రౌండ్‌ను రంగుల నిండ ముంచి, గుట్ట పై అంచును ఎడమ నుంచి కుడికి ఒక్క నడకల గీయండి. కిందికి మూడో వంతు దాకా నింపండి. వెంటనే కుంచె కడిగి, గుడ్డ మీద ఒక్కసారి అద్ది (సగం నీళ్లు పోవాలె), రంగు కింది అంచుకు ఆనిచ్చుకుంట ఒక పట్టీ గీయండి. మళ్ల కడిగి, మళ్ల అద్ది, దాని కింద ఇంకో పట్టీ. మూడో పట్టీ కాడికి ఉత్త నీళ్లే ఉండాలె. ఆఖర్న కింద గూడిన నీటి చారను, పిండిన కుంచెతోని పీల్చేయండి. ఆ చారను వదిలేస్తే, పైభాగం ఎండుతుంటే అది ఎనకకు పాకి మీరు చెప్పిన గోబీ మరక అయితది.

ఆ మరకకు కారణం ఎప్పుడూ ఒక్కటే. కాగితం మెరుపు పోయి, ఇంకా చల్లగ ఉన్నప్పుడు, దానికన్న ఎక్కువ నీళ్లున్న కుంచె తగిలితే ఆ నీళ్లు సగం ఎండిన రంగు పొడిని నెట్టుకుంట పోయి అంచున కుప్ప పోస్తయ్. కాబట్టి కాగితం మెరుస్తుంటే ముట్టుకోవచ్చు, పూర్తిగ ఎండినంక ముట్టుకోవచ్చు, నడుమ కాలంల చేయి దూరం పెట్టాలె. ఎండిందా లేదా వేలి వెనక వైపు ఆనించి చూడండి. చల్లగ తగిలితే ఇంకా తడే.

ఇట్ల కింద లేత చేయడం అలంకారానికి కాదు. దూరపు గుట్ట కింది లేత భాగం మీద ముందరి గుట్ట ముదురు శిఖరం వచ్చి కూర్చుంటది. పైన ముదురు, కింద లేత, మళ్ల ముదురు, మళ్ల లేత. ఆ లేత పట్టీలే మీరు అడుగుతున్న గాలి.

ఒక మాట గుట్టల ఆకారం గురించి కూడా. వీడియోలల్ల చూపించే మూడు మూలల మంచు కొండలు మన దగ్గర లేవు. నల్లమల పొడుగ్గ, పైన దాదాపు చదునుగ సాగుతది, అక్కడక్కడ లోయ దగ్గర తెగుతది. దేవరకొండ, భువనగిరి వేరే జాతి, అవి విడిగా నిలిచే గ్రానైట్ బండలు. నల్లమలకు కోణాలు తక్కువ పెట్టండి. నాలుగు వరసలకు నాలుగు సమాంతర అలలు గీయొద్దు. ఒకటి ఎడమ దిక్కు ఎత్తుగ మొదలై కుడికి దిగాలె, ఇంకోటి దానికి అడ్డం పోవాలె, ఒకటి సగంలనే ఆగిపోవాలె. ఒకదాని ఎనక ఒకటి దాక్కుంటేనే కన్ను దూరాన్ని లెక్కగడుతది. దీన్ని పెన్సిల్ దశలనే తేల్చుకోవాలె, రంగు దానిని సరిచేయదు.

తడికాగితం (జవాబు)

పై సమాధానంలో విలువల (లేత, ముదురు మెట్ల) లెక్క, పట్టీలు లాగే పద్ధతి సరిగ్గా ఉన్నాయి. నేను కాగితం, నీళ్లు, ఎండ గురించి చెబుతాను. మీ రెండో, మూడో ఇబ్బందులు అక్కడి నుంచే వస్తున్నాయి.

200 జీఎస్ఎం కాగితం తడి తగలగానే ఉబ్బి అలలు తేలుతుంది. నీళ్లు ఆ పల్లాల్లో చేరి, మిట్టలు ముందే ఎండిపోతాయి. ఒకే పూతలో ఒకచోట గీత, ఒకచోట మరక రావడానికి ఇది చాలు. చేతి నైపుణ్యంతో దాన్ని గెలవడం కష్టం. వీలైతే 300 జీఎస్ఎం, 100% కాటన్, కోల్డ్ ప్రెస్ (కొంచెం గరుకుగా ఉండే కాగితం) తీసుకోండి. ఖర్చు ఎక్కువే. అందుకే పెద్ద షీటు కొని నాలుగు ముక్కలు చేసుకోండి. 22×30 అంగుళాల షీటు నుంచి 11×15 అంగుళాలవి నాలుగు వస్తాయి. సాధనకు వాటిని మళ్లీ సగం చేసుకోవచ్చు. ఏ కంపెనీది అన్నదాని కంటే, అట్ట మీద కాటన్ శాతం ఎంత రాశారు అన్నది చూడండి. 25% కాటన్ కాగితం మామూలుదానికంటే మెరుగు, కానీ పూత మీద పూత వేసేటప్పుడు 100% దానిలా నిలవదు.

ఉన్న ప్యాడ్‌తోనే చేయాలంటే, కాగితాన్ని పలకకు సాగదీసి అంటించండి. నాలుగైదు నిమిషాలు నీళ్లలో నాననిచ్చి, పలక మీద పరిచి, తడిపితే అంటుకునే గోధుమరంగు గమ్ టేపుతో నాలుగు వైపులా బిగించి, పడుకోబెట్టి రాత్రంతా ఆరనివ్వండి. ఎండేటప్పుడు బిగుసుకుని తర్వాత ఉబ్బదు. మామూలు మాస్కింగ్ టేపు తడి కాగితానికి పట్టదు.

కింది పూత లేవడం సంగతి. కాటన్ కాని కాగితంలో రంగు పైపైనే కూర్చుంటుంది, అందుకే రెండో పూత దాన్ని కరిగిస్తుంది. మూడు జాగ్రత్తలు తీసుకోండి. కింది పూత వేలికి చల్లగా తగలనంత వరకు ఆరాలి. మెత్తటి కుంచె వాడాలి. ఒకసారి గీసిన చోటికి మళ్లీ వెనక్కి వెళ్లకూడదు. వెనక్కి వెళ్లి సరిచేయబోయే రెండో గీతే రంగును లేపుతుంది. ఇంకో ఉపాయం కూడా ఉంది. ఆఖరి రెండు గుట్టల్లో అల్ట్రామెరీన్‌తో పాటు ప్రష్యన్ బ్లూ అతి కొద్దిగా కలపండి. అది కాగితానికి గట్టిగా అంటుకునే రంగు, పై పూత తగిలినా అంత తేలిగ్గా లేవదు. దీనికి ధర కూడా ఉంది: అలా వేసిన చోట తర్వాత తడి కుంచెతో రుద్ది మంచు తీయాలంటే రాదు. మంచు తీయాల్సిన చోట అల్ట్రామెరీన్, పూత మీద పూత పడే చోట ప్రష్యన్, అని ముందే అనుకోండి.

ఎండాకాలం మహబూబ్‌నగర్, నల్లగొండల్లో మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటినప్పుడు పొడిగాలికి పూత కుంచె కిందే ఎండిపోతుంది. గీతలు గట్టిపడటానికి అదీ ఒక కారణం. పొద్దున్నే వేయండి, ఫ్యాను ఆపేయండి, పలకకు ఎండ తగలనివ్వకండి. కాటన్ కాగితమైతే వెనక వైపు కూడా తడిపి గాజు పలక మీద పరిస్తే, తడి చాలాసేపు నిలుస్తుంది. అరకప్పు నీళ్లలో నాలుగైదు చుక్కల గ్లిసరిన్ కలిపి వాడినా ఎండటం నెమ్మదిస్తుంది. అంతకు మించితే పటం జిగటగా మిగిలిపోతుంది. వానాకాలంలో గ్లిసరిన్ జోలికి వెళ్లకండి. అప్పుడు సమస్య తిరగబడుతుంది, పూత ఆరదు. హెయిర్ డ్రైయర్ వాడితే, మెరుపు పోయాక మాత్రమే, అడుగు దూరం నుంచి, తక్కువ వేడి మీద. నీటి చార ఉండగా ఊదితే గాలి దాన్ని నెట్టి గీతలు పెడుతుంది. ఆరాక కాగితం చల్లబడేదాకా ఆగండి, వేడి కాగితం తర్వాతి పూతను చటుక్కున పీల్చేసుకుంటుంది.

బోరు నీళ్ల గురించి: కాఠిన్యం ఎక్కువున్న నీళ్లలో అల్ట్రామెరీన్ లాంటి రంగుల పొడి ఎక్కువగా గడ్డకట్టి, కాగితం గుంతల్లో రేణువుల్లా కూర్చుంటుంది. దగ్గరి గుట్టలో అది బండల గరుకులా బాగుంటుంది. ఆఖరి గుట్టలో మాత్రం ఆ గరుకే దాన్ని ముందుకు లాగుతుంది, ఎందుకంటే దూరంలో గరుకు కనిపించకూడదు. రంగు కలిపే నీళ్లకు తాగే ఫిల్టర్ నీళ్లు వాడండి, కుంచె కడగడానికి బోరువి చాలు.

పాలమూరు కుంచె

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. గమ్ టేపు పద్ధతి, పట్టీలు లాగుడు చేస్త. రెండు అనుమానాలు. వెనక గుట్ట ఎప్పుడైనా నీలమేనా? ఏప్రిల్‌ల తీసిన ఇంకో ఫొటో ఉన్నది, దాంట్ల వెనక గుట్టలు నీలం కావు, మట్టి కలిసిన తెల్లగున్నయ్. ఇంకోటి, ఆఖరి గుట్ట ఇప్పటికే ముదురైపోయిన పటం ఉన్నది, దాన్ని బాగుచేయొచ్చునా, తెల్ల రంగు వేస్తే తప్పా?

దుమ్మూ వెలుగూ (జవాబు)

వెనక గుట్టలు ఎప్పుడూ నీలమే అన్న సూత్రం పుస్తకం నుంచి వచ్చింది. మన దగ్గర అది సగం సంవత్సరమే నిజం.

గాలి అణువులు పొట్టి అలల వెలుగును ఎక్కువగా చెదరగొడతాయి. 450 నానోమీటర్ల నీలం, 650 నానోమీటర్ల ఎరుపు కంటే సుమారు 4 రెట్లు ఎక్కువ చెదురుతుంది. మనకూ గుట్టకూ నడుమ ఉన్న గాలి ఆ నీలాన్ని మన కంటివైపు పంపుతుంది, చెట్లతో నల్లగా ఉన్న గుట్ట మీద ఆ నీలం తెరలా పడుతుంది. వానలు వెనకబట్టి గాలి కడిగినట్టున్న అక్టోబర్, నవంబర్ నెలల్లో మీరు చూసే నల్లమల ఇదే. ఏప్రిల్, మేలలో గాలినిండా దుమ్ము ఉంటుంది. ఆ రేణువులు పెద్దవి, అన్ని రంగులనూ దాదాపు సమానంగా చెదరగొడతాయి, కాబట్టి తెర తెల్లగా, మట్టి ఛాయతో ఉంటుంది. అదీగాక దుమ్ములో దూరం తొందరగా మాయమవుతుంది. అక్టోబర్‌లో నాలుగు వరసలు కనిపించే చోట ఏప్రిల్‌లో రెండున్నరే కనిపిస్తాయి.

కాబట్టి ఏప్రిల్ ఫొటోకు తల్లి రంగు మార్చండి: యెల్లో ఆకర్ రెండు పాళ్లు, అల్ట్రామెరీన్ ఒక పాలు, బర్న్ట్ సియెన్నా చిటికెడు. ఈ పాళ్లలో ఆకుపచ్చ ఛాయ తేలితే చుక్క క్రిమ్సన్ దాన్ని బూడిదకు తెస్తుంది. ఆకాశం అడుగున కూడా అదే ఆకర్‌ను బాగా పలుచగా తడి మీద పారించండి. గుట్టకూ ఆకాశానికీ ఒకే దుమ్ము ఉండాలి. విలువల మెట్లు మాత్రం మారవు. రంగు చల్లనిదైనా వెచ్చనిదైనా, దూరానికి పోయేకొద్దీ తేడా తగ్గాలి, అంతే.

దీనికి వ్యతిరేక దిశలో జరిగేది ఒకటుంది, చాలామంది వదిలేస్తారు. నల్లటివి దూరంలో నీలం తిరుగుతాయి. తెల్లటివి తిరగవు, అవి పసుపు వైపు పోతాయి, ఎందుకంటే వాటి నుంచి వచ్చే తెల్ల వెలుగులో నీలం దారిలోనే చెదిరిపోతుంది. దూరపు ఒడ్డున తెల్ల గుడి గోపురం ఉంటే, ఆకాశం అడుగున తెల్ల మబ్బు ఉంటే, వాటికి నీలం పూయకండి. పలుచటి ఆకర్ చాలు.

ఫోన్ ఫొటోను కూడా పూర్తిగా నమ్మకండి. ఇప్పటి ఫోన్లు తామే దూరపు గుట్టల తేడాను పెంచి, నీలాన్ని గాఢం చేసి చూపిస్తాయి. ఫొటోలో కనిపించినదానికంటే ఆఖరి గుట్టను ఒక మెట్టు లేతగా వేయడం సురక్షితం.

ముదురైన పటం సంగతి. మొదట రంగును లేపి చూడండి. మెత్తటి ఫ్లాట్ కుంచె శుభ్రమైన నీళ్లలో తడిపి, పిండి, గుట్ట కింది భాగం మీద రెండుసార్లు నడిపి, టిష్యూతో అద్దండి. రుద్దకుండా అద్దాలి. అల్ట్రామెరీన్ అయితే చాలావరకు లేస్తుంది. ప్రష్యన్ అయితే కాగితం నూగు లేస్తుంది గానీ రంగు లేవదు, అప్పుడు ఆపేయండి.

తెల్ల రంగు తప్పు కాదు. పలుచటి తెల్ల గువాష్‌లో (కింది రంగును కప్పే నీటి రంగు) ఆకర్ చుక్క కలిపి, పూర్తిగా ఆరిన గుట్ట మీద ఒకే ఒక పూత వేస్తే, అది దుమ్ము చేసే పనినే చేస్తుంది: కింది ముదురు మీద తెల్ల రేణువుల తెర. ఎంత పలుచగా అంటే, పలుచటి మజ్జిగలా, కింది గుట్ట ఆకారం స్పష్టంగా కనిపించాలి. రెండో పూత వేస్తే సున్నం కొట్టినట్టవుతుంది. ఆ తెర మీద మళ్లీ పారదర్శక రంగు వేయకండి, అది తెల్లను కరిగించి బురద చేస్తుంది. కాబట్టి తెర అన్నిటికంటే చివర్న.

నీలగిరి రంగులు

తెల్ల తెర విషయంల నాది కొంచెం వేరే మాట. దుమ్ము పటానికి సరే. డిసెంబర్ పొద్దుటి మంచుకు మాత్రం కాగితం తెలుపునే మిగిల్చుకోవాలె. గువాష్ వెలుగును అడ్డుకుంటది. పలుచటి పూత కింది నుంచి కాగితం పంపే వెలుగు దానికి రాదు, పక్కపక్కన పెడితే మంచు మబ్బు పట్టినట్టు కనపడుతది. మంచు కావాల్సిన చోటును మొదటి నుంచే కాపాడుకోండి, తెల్ల తెరను మరమ్మత్తుకే ఉంచుకోండి.

ఇగ ముందు భాగం గురించి ఎవ్వరూ అడగలే గాని, లోతు సగం అక్కడనే తేలుతది. శ్రీశైలం జలాశయం నీళ్లు దిగినప్పుడు సోమశిల దిక్కు నీటికీ చెట్లకూ నడుమ బోడ నేల పట్టీ ఒకటి తేలుతది. అది మీ పటంల చాలా పనికొస్తది. మీ దిక్కు ఒడ్డు పట్టీకి బర్న్ట్ సియెన్నా నిండుగ వేయండి, ఎర్ర మట్టి ముందుకు వస్తది. అవతలి ఒడ్డు పట్టీ అదే మట్టి గాని, అక్కడ బర్న్ట్ సియెన్నాను నీళ్లతోని పలుచన చేసి చుక్క నీలం కలపండి, గులాబీ బూడిద అయితది. ఒకే వస్తువు రెండు దూరాలల్ల రెండు రంగులుగ కనపడితే చూసేటోని కన్నుకు మధ్యల దూరం తానే అర్థమైతది.

గరుకు కూడా దూరాన్ని చెప్పుతది. దగ్గరి గుట్ట అంచు మీద 6 రౌండ్ మొనతోని చెట్ల తలలు, పొదలు, అక్కడక్కడ పొడి కుంచెతోని ఎండు కొమ్మలు. మూడో గుట్ట అంచుకు చిన్న చిన్న ఎగుడు దిగుళ్లు మాత్రమే. రెండోది నునుపు. ఆఖరిది నునుపు, పైగా అంచు ఒకటి రెండు చోట్ల ఆకాశంల కరిగిపోవాలె. దానికోసం ఆకాశం ఎండినంక, ఆ రెండు చోట్ల ముందుగాల ఉత్త నీళ్లు అద్ది, అప్పుడు గుట్ట అంచు గీయండి. తడి తగిలిన కాడ రంగు తానే చెదురుతది.

నీళ్లను ఆఖర్న వేయండి. గుట్ట నీడ నీళ్లల్ల ఉన్నదున్నట్టు రాదు: ముదురు గుట్ట ప్రతిబింబం ఒక మెట్టు లేత, లేత ఆకాశం ప్రతిబింబం ఒక మెట్టు ముదురు. ఫ్లాట్ కుంచెతోని అడ్డంగ, ఆగకుండ లాగండి. అవతలి ఒడ్డు కింద వెంట్రుక మందం కాగితాన్ని ఖాళీ వదిలితే అది నీటి అంచు మెరుపు అయితది. అక్కడ స్కేలు పెట్టి గీయొద్దు, కొన్ని చోట్ల తెగిపోవాలె.

పాలమూరు కుంచె

ఏప్రిల్ ఫొటోకు ఆకర్ తల్లి రంగు, డిసెంబర్‌దానికి అల్ట్రామెరీన్ తల్లి రంగు, రెండూ ఒకే కొలతల ముక్కల మీద వేస్త. ఒక్కటే అడుగుత: ఆకాశం ఆరినంక గుట్టలు మొదలుపెట్టాల్నా, తడి ఉండంగనేనా?

తడికాగితం

ఏప్రిల్ పటంలో ఆఖరి గుట్టను ఆకాశం ఇంకా తడిగా ఉండగానే, మెరుపు పోబోయే ముందు, కుంచెలో నీళ్లు తక్కువ రంగు ఎక్కువ పెట్టి వేయండి. అంచు మసకబారి దుమ్ములో కలుస్తుంది. కుంచెలో నీళ్లు కాగితం మీది నీళ్ల కంటే ఎక్కువుంటే మళ్లీ గోబీ మరకే. మిగతా వరసలన్నీ పూర్తిగా ఆరాకే. డిసెంబర్ పటంలో ఆకాశం మొత్తం ఆరాక మొదలుపెట్టండి, పైన చెప్పినట్టు అంచులో రెండు చోట్ల మాత్రం నీళ్లు అద్దుకోండి. పలకను గుట్టల పూతలకు వాల్చండి, నీళ్ల భాగం వేసేటప్పుడు చదునుగా పెట్టండి.